లింకులు తగ్గించినా ఇంటర్‌ఫియరెన్స్, బ్యాటరీ ఖర్చు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: కొత్తయాంటెన్నా

అందరికీ నమస్కారం. స్థిరమైన టవరు గాని, కేబుళ్లు గాని లేకుండా తమలో తామే ప్యాకెట్లను అందిపుచ్చుకొనే అడ్‌హాక్ వైర్‌లెస్ నెట్‌వర్క్‌ను నా పరిశోధనలో భాగంగా ఏర్పాటు చేశాను. ఒకే భవనంలోని వేర్వేరు అంతస్తుల్లో 40 నోడ్లు, అంటే చిన్న రేడియో పరికరాలు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేసే 802.15.4 (తక్కువ శక్తితో నడిచే వైర్‌లెస్ ప్రమాణం) రేడియో, రెండు ఏఏ బ్యాటరీలు ఉంటాయి. నిమిషానికి ఒకసారి ఉష్ణోగ్రతనూ తేమనూ కొలిచి, దారిలోని నోడ్ల మీదుగా ఒక గేట్‌వేకు చేరవేయడమే వాటి పని.

మొదట అన్ని నోడ్లూ గరిష్ఠ పవర్‌తో ప్రసారం చేసేవి. అప్పుడు ఒక్కో నోడుకు పది పన్నెండు పొరుగు నోడ్లు ఉండేవి, ప్యాకెట్లు తరచుగా ఢీకొని పోయేవి, బ్యాటరీలు వారం కూడా నిలిచేవి కావు. దీనికి విరుగుడుగా, ప్రతి నోడూ తన చుట్టుపక్కల నోడ్లతో ఒక మినిమమ్ స్పానింగ్ ట్రీని (అన్ని నోడ్లనూ కలుపుతూ మొత్తం పొడవు అతి తక్కువగా ఉండే లింకుల అమరికను) లెక్కగట్టుకొని, ఆ ట్రీలో తనకు నేరుగా కలిసిన నోడ్లలో అత్యంత దూరమైనదానికి సరిపడేంత పవర్ మాత్రమే వాడే పద్ధతిని అమలు చేశాను. ఈ పద్ధతిలో ఏ నోడుకూ ఆరుకు మించి పొరుగు నోడ్లు ఉండవని 2003లో లీ, హౌ, షా నిరూపించారు. నా నెట్‌వర్క్‌లో ఆ సంఖ్య రెండు మూడుకు దిగివచ్చింది. పటం గీసి చూస్తే ఎంతో శుభ్రంగా కనిపిస్తోంది.

అయితే ప్యాకెట్ల నష్టం దాదాపు మునుపటిలాగే ఉంది, గేట్‌వేకు దగ్గరలో ఇంకా పెరిగింది కూడా. బ్యాటరీల ఆయుష్షులో చెప్పుకోదగ్గ మార్పు ఏమీ రాలేదు. లింకులు తగ్గితే ఇంటర్‌ఫియరెన్స్ తగ్గాలనీ, ప్యాకెట్టు ఒక నోడు నుంచి మరో నోడుకు వేసే ఒక పెద్ద గెంతుకు బదులు నాలుగు చిన్న గెంతులు వేస్తే శక్తి ఆదా కావాలనీ పాఠాల్లో చదువుకున్నాను. నేను పొరపడింది పాఠంలోనా, అమలులోనా అన్నది అనుభవం ఉన్నవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: గీతలుగుర్తులు

మీ అమలులో లోపం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. లింకులు తక్కువైతే ఇంటర్‌ఫియరెన్స్ తక్కువ అనే మాటను చాలాకాలం ఎవరూ రుజువు చేయకుండానే అందరూ నమ్ముతూ వచ్చారు. 2004లో బుర్‌ఖార్ట్, వాటన్‌హోఫర్, వారి సహచరులు ఈ నమ్మకాన్నే ప్రశ్నించి, అంతవరకు ప్రతిపాదించిన టోపాలజీ (ఏ నోడు దేనితో కలవాలో నిర్ణయించే) పద్ధతులలో దాదాపు అన్నీ ప్రతి నోడునూ దాని అతి సమీప నోడుతో కలుపుతాయనీ, కేవలం ఆ ఒక్క లక్షణం వల్లనే అవి కొన్ని అమరికలలో అత్యుత్తమ పరిష్కారం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇంటర్‌ఫియరెన్స్‌కు కారణమవుతాయనీ చూపించారు. మీరు వాడిన పద్ధతి కూడా ఆ కోవలోనిదే.

ఇక్కడ మాట గురించి ఒక చిన్న వివరణ. భౌతికశాస్త్ర పుస్తకాల్లోని వ్యతికరణం అనే పదం తరంగాల అధ్యారోపణను సూచిస్తుంది. మనం మాట్లాడుకుంటున్నది ఒకరి ప్రసారం మరొకరి వినికిడికి అడ్డు తగలడాన్ని గురించి కాబట్టి నేను ఇంటర్‌ఫియరెన్స్ అనే మాటనే వాడుతున్నాను. అడ్డు తగిలేది వినేవారికి. అందువల్ల కొలత కూడా వినేవారి వైపు నుంచే మొదలు కావాలి. ఒక నోడు దగ్గర నిలబడి, ఎన్ని ఇతర నోడ్ల ప్రసార వృత్తాలు తన మీదుగా పోతున్నాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్యే ఆ నోడు భరించే ఇంటర్‌ఫియరెన్స్. ఆ నోడుకు ఎన్ని లింకులు ఉన్నాయన్న దానితో దీనికి నేరుగా సంబంధం లేదు.

కాగితం మీద సరిచూసుకోగల ఉదాహరణ ఒకటి చెబుతాను. ఒక సరళరేఖ మీద 1, 2, 4, 8 అంటూ రెట్టింపవుతూ 512 మీటర్ల వరకు పది నోడ్లను ఉంచండి. మినిమమ్ స్పానింగ్ ట్రీ వాటిని వరుసగా ఒక గొలుసులా కలుపుతుంది, ఏ నోడుకూ రెండుకు మించి లింకులు ఉండవు. ఇప్పుడు 64 మీటర్ల దగ్గర ఉన్న నోడు తన కుడివైపు ఉన్న 128 దగ్గరి నోడును అందుకోవాలంటే దాని వృత్తం వ్యాసార్ధం 64 మీటర్లు కావాలి. ఆ వృత్తం ఎడమవైపు సున్నా దాకా వెళ్లి, అక్కడున్న నోడ్లన్నింటినీ కప్పేస్తుంది. కుడివైపుకు లింకు ఉన్న ప్రతి నోడు సంగతీ ఇదే. కనుక ఎడమ కొసన ఉన్న నోడు మీద మిగిలిన తొమ్మిదింటిలో ఎనిమిది నోడ్ల వృత్తాలు పడతాయి. దానికి ఉన్న లింకు మాత్రం ఒక్కటే.

ఇదే వరుసను మరో విధంగా కలపవచ్చు. కొన్ని నోడ్లను మాత్రమే కూడళ్లుగా ఎంచుకొని, కుడివైపు దూరం పోయే పని వాటికే అప్పగించి, మిగిలినవాటిని ఎడమవైపు ఉన్న కూడలికి మాత్రమే కలిపితే, అలా కలిసిన నోడు వృత్తం సరిగ్గా ఆ కూడలి దగ్గర ఆగిపోతుంది, దానికి ఎడమవైపు ఉన్నవారి జోలికి పోదు. కూడళ్ల సంఖ్యనూ, ఒక్కో కూడలి కింద ఉండే నోడ్ల సంఖ్యనూ సమతూకంలో ఉంచితే గరిష్ఠ ఇంటర్‌ఫియరెన్స్ మొత్తం నోడ్ల సంఖ్యకు వర్గమూలం స్థాయిలో నిలుస్తుందని 2005లో వాన్ రికెన్‌బాఖ్, ఆయన సహచరులు చూపించారు. కొన్ని నోడ్లకు లింకులు ఎక్కువయ్యాయి, కొన్ని లింకులు పొడవయ్యాయి, అయినా అడ్డు తగ్గింది. లింకుల సంఖ్య తప్పు కొలబద్ద అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

భవనంలో నోడ్లు ఇలా రెట్టింపు దూరాల్లో ఉండవని మీరు అనవచ్చు, అది నిజమే. కానీ ఒక గదిలో పది నోడ్లు గుంపుగా ఉండి, పక్క అంతస్తులో రెండు మాత్రమే ఉంటే, ఆ రెండింటితో మాట్లాడవలసిన నోడు ప్రసారం చేసిన ప్రతిసారీ గుంపులోని తొమ్మిదింటి చెవులూ మూతపడతాయి. ఆ బాధ్యతను ట్రీ ఎవరికి అప్పగించిందో ఒకసారి చూడండి.

మరో విషయం దీనికంటే ముఖ్యమైనది. గీత గీసినంత మాత్రాన లింకు ఎవరికీ అడ్డుపడదు, దాని మీద నడిచే ప్యాకెట్టు అడ్డుపడుతుంది. మీరు లింకులను కత్తిరించినప్పుడు పంపవలసిన ప్యాకెట్లు తగ్గలేదు. రెండు గెంతుల్లో చేరేవి ఇప్పుడు నాలుగు గెంతుల్లో చేరుతున్నాయి కాబట్టి ప్రసారాల సంఖ్య పెరిగింది. అన్ని దారులూ గేట్‌వే దగ్గర కలుస్తాయి గనుక ఆ ఒత్తిడి అంతా అక్కడే పోగుపడుతుంది. అక్కడ నష్టం పెరగడానికి మొదటి కారణం ఇదే అని నా అంచనా. కాబట్టి వృత్తాలను లెక్కించేటప్పుడు, నిమిషానికి ఆ నోడు ఎన్నిసార్లు ప్రసారం చేస్తుందో ఆ సంఖ్యతో ప్రతి వృత్తాన్నీ గుణించి చూడండి.

సమాధానం: మిల్లీయాంపియర్

పై సమాధానం ఇంటర్‌ఫియరెన్స్ సంగతి చూసుకుంది కాబట్టి నేను బ్యాటరీకే పరిమితమవుతాను. శక్తి అంటే సామర్థ్యాన్ని (పవర్‌ను) కాలంతో గుణించగా వచ్చేది అని హైస్కూల్లో చదువుకున్నాం. టోపాలజీ పత్రాలలో చాలా భాగం సామర్థ్యాన్ని తగ్గించడం గురించి మాట్లాడి, కాలాన్ని మరచిపోతాయి. మీ బ్యాటరీలు అయిపోతున్నది ఆ మరచిపోయిన భాగంలోనే.

ముందు పాఠం చెప్పే లెక్కనే తీసుకుందాం. 2000లో హైన్‌జెల్‌మన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ వాడిన సరళమైన నమూనాలో బిట్టు ఒక్కింటికి పంపే సర్క్యూట్‌కు 50 నానోజౌళ్లు, అందుకొనే సర్క్యూట్‌కు మరో 50 నానోజౌళ్లు, యాంప్లిఫయర్‌కు దూరపు వర్గంలో ప్రతి చదరపు మీటరుకు 100 పికోజౌళ్లు ఖర్చవుతాయి. ఈ లెక్కన 60 మీటర్లు ఒకే గెంతులో దాటితే బిట్టుకు 460 నానోజౌళ్లు, మధ్యలో ఒక నోడును నిలిపి రెండు గెంతుల్లో దాటితే 380. అంటే పాఠం నిజమే. కానీ దూరం 30 మీటర్లయితే ఒక గెంతుకు 190, రెండు గెంతులకు 245 అవుతుంది, అంటే పాఠం తిరగబడుతుంది. రెండూ సమానమయ్యే దూరం సుమారు 45 మీటర్లు. దూరంతో సంబంధం లేని సర్క్యూట్ ఖర్చును లెక్కలోకి తీసుకోని వ్యాసాలే చిన్న గెంతులు ఎప్పుడూ లాభమని తేలుస్తాయి.

ఇప్పుడు నమూనాను వదిలి నిజమైన చిప్‌ను చూద్దాం. 802.15.4 పరిశోధనలో ఎంతోకాలం వాడిన సీసీ2420 రేడియో డేటాషీటు ప్రకారం, 0 డీబీఎమ్ (ప్రసార సామర్థ్యపు కొలమానం) దగ్గర ప్రసారానికి 17.4 మిల్లీయాంపియర్లు, మైనస్ 25 డీబీఎమ్ దగ్గర 8.5 మిల్లీయాంపియర్లు, వినడానికి 18.8 మిల్లీయాంపియర్లు అవసరం. యాంటెన్నా నుంచి వెలువడే సామర్థ్యం మూడు వందల రెట్లకు పైగా తగ్గినా, బ్యాటరీ నుంచి లాగే కరెంటు సగానికి మాత్రమే తగ్గింది. గరిష్ఠ పవర్‌తో ఒక గెంతు వేస్తే పంపేవారికీ వినేవారికీ కలిపి 36.2 మిల్లీయాంపియర్లు. కనిష్ఠ పవర్‌తో రెండు గెంతులు వేస్తే 54.6. అంటే ఈ చిప్ మీద, అందగలిగినంత దూరంలో ఒకే గెంతు వేయడమే చవక. మీ రేడియో వేరే రకమైతే దాని డేటాషీటులోని ఈ మూడు అంకెలనే మొదట చూడండి. కొత్త చిప్‌లలో అంకెలు తగ్గి ఉంటాయి గాని, వినడానికి అయ్యే ఖర్చు పంపడానికి అయ్యే ఖర్చుకు దగ్గరగానే ఉండడం మారలేదు.

అసలు విషయం ఇంకా పెద్దది. 802.15.4లో అతి పెద్ద ప్యాకెట్టు, ముందు వచ్చే సింక్, పొడవు బైట్లతో కలిపి, 133 బైట్లు. సెకనుకు 250 కిలోబిట్ల వేగంతో అది 4.3 మిల్లీసెకన్లలోపే పూర్తవుతుంది. మీ నోడు నిమిషానికి ఒక ప్యాకెట్టు పంపి, మిగిలిన సమయమంతా రేడియోను తెరిచి ఎవరైనా పిలుస్తారేమోనని వింటూ కూర్చుంటే, వినడానికి అయ్యే శక్తి పంపడానికి అయ్యే శక్తికి సుమారు 15 వేల రెట్లు. ఇతరుల ప్యాకెట్లను పదింటిని చేరవేసినా ఈ నిష్పత్తి వెయ్యికి దిగువకు రాదు. ఏఏ బ్యాటరీ జత 2500 మిల్లీయాంపియర్ గంటలు ఇస్తుందనుకుంటే, నిరంతరం వినే రేడియో దాన్ని 133 గంటల్లో, అంటే అయిదున్నర రోజుల్లో తాగేస్తుంది. వారం కూడా నిలవడం లేదని మీరు రాసిన మాటతో ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతోంది. మీ రేడియో అసలు నిద్రపోతోందా? ఇదొక్కటీ సరిచూసి చెప్పండి.

వినే సమయాన్ని నూటికి ఒక వంతుకు తగ్గిస్తే, మిగతా ఖర్చులు పక్కన పెడితే, అవే బ్యాటరీలు ఏడాదిన్నర వస్తాయి. ట్రాన్స్‌మిట్ పవర్‌ను ఎంత చక్కగా అమర్చినా ఈ లాభంలో వందో వంతు కూడా దక్కదు.

సమాధానం: పాతరేడియో

పైన ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూ, వారు తాకని ఒక విషయం కలుపుతాను. నోడుకు ఒక పవర్ చొప్పున కేటాయించినప్పుడు నెట్‌వర్క్‌లో గొంతు పెద్దవారూ, గొంతు చిన్నవారూ ఏర్పడతారు. ప్రసారానికి ముందు ఛానెల్ ఖాళీగా ఉందో లేదో విని చూసుకొనే మర్యాద, అందరి గొంతూ ఒకే స్థాయిలో ఉన్నప్పుడే సరిగా పనిచేస్తుంది. చిన్న గొంతుతో ఒక నోడు పక్కనున్న నోడుకు ఏదో చెబుతోందనుకోండి. కాస్త దూరంలో ఉన్న పెద్ద గొంతు నోడుకు ఆ మాట వినపడదు కాబట్టి, ఛానెల్ ఖాళీగా ఉందనుకొని అది మొదలుపెడుతుంది, దాని ధాటికి మొదటి సంభాషణ చెడిపోతుంది. దాగిన నోడు సమస్య పాతదే. పవర్‌ను అసమానంగా తగ్గించడం వల్ల ఇలా దాగిన నోడ్లను మనమే కొత్తగా తయారు చేస్తున్నాం.

దీనికి మందుగా 1990లో ఫిల్ కార్న్ ప్రతిపాదించినది, పంపవచ్చా అని అడిగి, పంపవచ్చు అనే జవాబు విన్నాకే డేటా పంపే పద్ధతి. ఈ పద్ధతి వైఫై ప్రమాణంలో కూడా చేరింది. అడగడం, జవాబు గరిష్ఠ పవర్‌తో, డేటా మాత్రం కనిష్ఠ పవర్‌తో పంపితే రెండు లాభాలూ దక్కుతాయని చాలామంది భావించారు. అలా చేస్తే ఆ జవాబును అర్థం చేసుకోలేనంత దూరంలో ఉండి కూడా దాని అలికిడిని మాత్రం పసిగట్టగల నోడ్లు, కొద్దిసేపు ఆగి, డేటా వినపడక మళ్లీ ప్రసారం మొదలుపెడతాయనీ, ఆ ఢీకొనడాల వల్ల తిరిగి పంపడాలు పెరిగి శక్తి ఖర్చు అధికమయ్యే అవకాశం ఉందనీ 2002లో జంగ్, వైద్య చూపించారు. డేటా పంపుతున్నంతసేపూ మధ్యమధ్యలో క్షణకాలం గొంతు పెంచి, దూరంగా ఉన్నవారికి తమ ఉనికిని తెలియజేస్తుండాలన్నది వారు సూచించిన పరిష్కారం.

మీ 802.15.4 రేడియోల్లో ఈ అడిగే తంతు లేదు, నేరుగా విని పంపడమే. కనుక నష్టపోయిన ప్యాకెట్టును డీఫాల్ట్‌గా మరో మూడుసార్లు పంపుతాయి. ప్యాకెట్టు చేరి, తిరుగు రసీదు మాత్రం చిన్న గొంతు వల్ల చేరకపోయినా సరే, మళ్లీ పంపవలసిందే. మీ లాగ్‌లో ఒకే వరుస సంఖ్య గల ప్యాకెట్లు గేట్‌వేకు రెండు మూడుసార్లు చేరుతుంటే, జబ్బు ఇదేనని గుర్తించవచ్చు. ప్రతి జంటకూ రెండు దిక్కులా ఒకే పవర్ ఉండేలా చూడడం తేలికైన చికిత్స.

ఇక వరదలాగా అందరికీ పంపే సందేశాల గురించి ఒక్క మాట. ఒక నోడు విన్న సందేశాన్ని మళ్లీ ప్రసారం చేస్తే కొత్తగా కప్పే వైశాల్యం, ఎంత అనుకూలంగా ఉన్నా 61 శాతానికి మించదనీ, సగటున 41 శాతమేననీ, అదే సందేశాన్ని నాలుగుసార్లు విన్న తరువాత తిరిగి పంపితే ఆ లాభం 5 శాతానికి దిగువకు పోతుందనీ 1999లోనే నీ, త్సెంగ్, వారి సహచరులు లెక్కగట్టారు. ట్రీని సరిచూసుకోవడానికి మీ నోడ్లు తమ ఉనికిని పొరుగువారికి తెలిపే హలో సందేశాలను ఎంత తరచుగా పంపుకుంటున్నాయో చూడండి. పొరుగువారు అదే సమాచారం చెబుతుంటే తాను మౌనంగా ఉండిపోయి, మార్పు వచ్చినప్పుడే జోరు పెంచే ట్రికిల్ పద్ధతి 2004 నుంచి అందుబాటులో ఉంది.

కొత్తయాంటెన్నా

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. సిగ్గుపడుతూనే ఒప్పుకోవాలి, మిల్లీయాంపియర్ గారూ, నా కోడులో రేడియో ఒక్క క్షణం కూడా ఆగడం లేదు. సిమ్యులేటరులో వినడానికి అయ్యే ఖర్చును సున్నాగా ఉంచడం వల్ల అక్కడ ఫలితాలు బాగా వచ్చాయి. పాతరేడియో గారు చెప్పిన గుర్తు కూడా దొరికింది. గేట్‌వే లాగ్‌లో ఒకే వరుస సంఖ్య ఉన్న ప్యాకెట్లు చాలానే ఉన్నాయి.

రెండు సందేహాలు మిగిలాయి. నోడ్లను నిద్రపుచ్చి, పంపేవారు పొడవైన ప్రియాంబుల్‌తో (డేటాకు ముందు పంపే సంకేతంతో) వాటిని లేపే పద్ధతి నా రేడియోకు సిద్ధంగా ఉంది. దానికే మారిపోతే సరిపోతుందా? ఇక ట్రాన్స్‌మిట్ పవర్‌ను తగ్గించడం పూర్తిగా వృథా ప్రయాసేనా?

సమాధానం: మిల్లీయాంపియర్

మొదటిదానికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. మీ నోడ్లు అరసెకనుకు ఒకసారి మేల్కొని వింటాయనుకోండి. 2004 నాటి బీ-మ్యాక్ అనే పద్ధతి తరహాలో పంపేవారు అరసెకను పాటు ప్రియాంబుల్ పంపాలి. 40 నోడ్లు నిమిషానికి ఒక్కో ప్యాకెట్టు చొప్పున పంపి, సగటున మూడేసి గెంతులు వేస్తే నిమిషానికి 120 ప్రసారాలు, వాటికి అరసెకను చొప్పున సరిగ్గా 60 సెకన్లు. అందరూ ఒకరికొకరు వినపడే దూరంలో ఉంటే ఛానెల్‌లో ఒక్క క్షణం కూడా ఖాళీ ఉండదు. వినేవారి శక్తిని కాపాడబోయి గాలినంతా నింపేశామన్నమాట. 2006 నాటి ఎక్స్-మ్యాక్ ఆ ప్రియాంబుల్‌ను చిరునామాతో కూడిన చిన్న ముక్కలుగా పంపి, లేచిన నోడు వెంటనే బదులిచ్చేలా చేసి సగటున సగం సమయాన్ని ఆదా చేసింది. కాంటికీమ్యాక్ అనే మరో పద్ధతి పొరుగు నోడు ఎప్పుడు మేల్కొంటుందో గుర్తుపెట్టుకొని సరిగ్గా ఆ సమయానికి ముందు మాత్రమే పంపుతుంది కాబట్టి ఖర్చు ఇంకా తగ్గుతుంది. మీ వద్ద ఉన్నది మొదటి రకమైతే దానికి మారవద్దనే నా సలహా.

మీ అవసరం నిమిషానికి ఒకసారి అని ముందే తెలుసు గనుక, 2012లో 802.15.4ఈ ద్వారా ప్రమాణంలో చేరిన టీఎస్‌సీహెచ్ పద్ధతి మీకు చక్కగా నప్పుతుంది. కాలాన్ని సాధారణంగా 10 మిల్లీసెకన్ల గళ్లుగా విభజించి, ఏ గడిలో ఎవరు పంపాలో, ఎవరు వినాలో, ఏ ఛానెల్ మీదో ముందుగానే నిర్ణయిస్తారు. ఒకే గడిలో రెండు జంటలు వేర్వేరు ఛానెళ్ల మీద అడ్డం లేకుండా మాట్లాడుకోవచ్చు. గడి మారినప్పుడల్లా ఛానెల్ కూడా మారుతుంది కాబట్టి వైఫై ఆక్రమించిన ఒక ఛానెల్‌లోనే చిక్కుకుపోవడం ఉండదు. తన గడిలో ఎవరూ పలకకపోతే వినే నోడు దాదాపు రెండు మిల్లీసెకన్లలో మళ్లీ నిద్రకు ఉపక్రమిస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం గడియారాల సమన్వయం. 20 పీపీఎం (పది లక్షలకు 20 వంతులు) తేడా ఉన్న రెండు గడియారపు స్ఫటికాలు ఎదురెదురు దిక్కులకు జరిగితే సెకనుకు 40 మైక్రోసెకన్ల చొప్పున దూరమవుతాయి, 25 సెకన్లలో ఒక మిల్లీసెకను తేడా వస్తుంది. మీది నిమిషానికి ఒక ప్యాకెట్టే కాబట్టి డేటాతో పాటు జరిగే సవరణ ఒక్కటే చాలదు. మధ్యలో ఖాళీ ప్యాకెట్లతో గడియారం సరిచేసుకోవలసి ఉంటుంది. ఆ ఖర్చును కూడా లెక్కలో రాసుకోండి, మునుపటిలా సున్నాగా వదలకండి.

సమాధానం: గీతలుగుర్తులు

రెండో సందేహానికి నేను జవాబిస్తాను, ఎందుకంటే మిల్లీయాంపియర్ గారి లెక్క చూసి పవర్ నియంత్రణ పనికిరానిదనే నిర్ణయానికి ఎవరైనా వస్తారేమోనని నాకు భయంగా ఉంది. ఆ లెక్క తక్కువ ట్రాఫిక్ ఉన్న నెట్‌వర్క్‌కు సంబంధించినది. ట్రాఫిక్ ఎక్కువై, గాలిలో చోటు కోసం పోటీ మొదలైతే పరిస్థితి వేరు. ఒక ప్రసారం ఆక్రమించే వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసార్ధం సగమైతే గెంతులు రెట్టింపవుతాయి గాని, ఒక్కో గెంతు ఆక్రమించే వైశాల్యం నాలుగో వంతుకు తగ్గుతుంది, మొత్తం మీద ఆక్రమణ సగమవుతుంది. అందుకే, నెట్‌వర్క్ తెగిపోనంత వరకు వ్యాసార్ధాన్ని తగ్గించడం మోసుకుపోగల డేటా దృష్ట్యా లాభమే. అంత చేసినా, ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న నోడ్లలో ఒక్కోదానికి దక్కే వాటా, నోడ్ల సంఖ్యను దాని లాగరిథమ్‌తో గుణించి, ఆ లబ్ధానికి వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్యకు విలోమంగా పడిపోతుందని 2000లో గుప్తా, కుమార్ నిరూపించారు.

తెగిపోనంత వరకు అన్న మాట దగ్గర ఒక హెచ్చరిక. ప్రతి నోడుకు సగటున ఆరుగురు పొరుగువారు ఉండడం ఉత్తమమని 1978లో క్లైన్‌రాక్, సిల్వెస్టర్ లెక్కగట్టిన దగ్గర నుంచి, ఆరు ఒక మాయ సంఖ్య అనే మాట చాలాకాలం చలామణీ అయింది. ప్రతి నోడునూ దాని దగ్గరివారిలో స్థిరమైన ఇంతమందికి కలుపుతూ పోతే నెట్‌వర్క్ పెరిగేకొద్దీ తెగిపోతుందనీ, ఆ సంఖ్య నోడ్ల సంఖ్యకు లాగరిథమ్ స్థాయిలో పెరగవలసిందేననీ 2004లో షుయే, కుమార్ తేల్చారు. మీ ట్రీ తెగిపోదు, నిజమే. కానీ రెండు మూడు లింకులతో నిలబడిన నోడు ఒక్క తలుపు మూసుకున్నా ఒంటరి అవుతుంది.

మీ విషయంలో నేనైతే ముందు నిద్రను సరిచేసి, అందరికీ ఒకే మధ్యస్థ పవర్ ఇచ్చి, దారులను గెంతుల సంఖ్యతో కాకుండా ఒక ప్యాకెట్టు చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపవలసి వస్తుందో ఆ సంఖ్యతో ఎంపిక చేస్తాను. ఈ కొలత 2003లో డీ కూటో బృందం ప్రతిపాదించినది. గెంతుల సంఖ్య ఎప్పుడూ పొడవైన బలహీన లింకులనే ఏరుకుంటుంది, ఈ కొలత అలా చేయదు. తిరిగి పంపడాలను కూడా ఇది తనలో కలుపుకుంటుంది కాబట్టి శక్తినీ ఇంటర్‌ఫియరెన్స్‌నూ రెండింటినీ కొంతమేర ఒకే అంకెలో చూపుతుంది. పవర్ సర్దుబాటును ఆ తరువాత, గేట్‌వే చుట్టూ ఉన్న నాలుగైదు నోడ్లకు మాత్రమే ప్రయత్నించండి.

సమాధానం: పాతరేడియో

టీఎస్‌సీహెచ్‌కు మారేలోపు ఒక పూటలో చేయదగ్గ పని ఒకటి ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 802.15.4కు 11 నుంచి 26 వరకు 16 ఛానెళ్లు ఉన్నాయి. భవనంలోని వైఫై 1, 6, 11 ఛానెళ్ల మీద నడుస్తుంటే 15, 20, 25, 26 ఛానెళ్లు వాటి మధ్య సందుల్లోనో, అంచు అవతలో పడతాయి. ఇప్పుడు మీరు ఏ ఛానెల్ మీద ఉన్నారో రాయలేదు. నష్టంలో కొంత భాగం మీ నోడ్లు ఒకదానికొకటి అడ్డుపడడం వల్ల కాకుండా వైఫై వల్ల జరుగుతూ ఉండవచ్చు. నోడ్లన్నింటి ప్రసారాన్నీ ఆపి, వాటిని వినే స్థితిలో మాత్రమే ఉంచి, ఒక్కో ఛానెల్ మీద కొన్ని గంటలపాటు శబ్దస్థాయిని నమోదు చేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. 26ను ఎంచుకొనేట్టయితే, అది బ్యాండు అంచున ఉండడం వల్ల కొన్ని రేడియోలలో దాని మీద గరిష్ఠ పవర్‌కు పరిమితి ఉంటుంది. అందరికీ ఒకే పవర్ ఇచ్చే ముందు ఆ పరిమితిని చూసుకోండి.